ఫిట్స్‌కి, మూడ్‌కి కొత్త మందు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

పాత మందును మీ అంతట మీరు ఆపకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఏది ఎప్పుడు తగ్గించాలో, ఏది పెంచాలో డాక్టర్‌తో తేదీలు వేసి రాయించుకోండి.

ఫిట్స్‌కి హైదరాబాద్ నిమ్స్‌లో, మనసు బాగోలేక ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లు రెండు చీటీలూ ఇద్దరు డాక్టర్లకీ చూపించాలి.

లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెంచుతుంది. ఇదివరకు డిప్రెషన్ ఉంటే దాచకండి. ఇంట్లోవాళ్లకీ చెప్పి ఉంచండి, మార్పు మనకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది.

లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు మూడ్‌కి కూడా పనికొస్తుంది. కానీ డోసు వారాల తరబడి మెల్లగా పెంచాలి, వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు కూడా వాడుతుంటే ఇంకా మెల్లగా. తొందరపడితే చర్మానికి ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు. దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం కనిపిస్తే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందుతోనూ ఇలాంటి రియాక్షన్ రావచ్చు, అది రాస్తే ముందు జన్యు రక్తపరీక్ష అవసరమా అని అడగండి.

గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు వాల్‌ప్రోయేట్ గురించి తప్పక మాట్లాడాలి. కడుపులో బిడ్డకు అది హాని చేస్తుంది. గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్ బలాన్ని తగ్గించగలవు, ఆ సంగతీ చెప్పండి.

మందు ఒంటికి పట్టేదాకా బండి నడపొద్దు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.