వానలు మొదలుకాకముందే పేగుపూత ఉన్నవారు చూసుకోవలసిన జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు జూన్ నెలలో తెలుగు ప్రాంతాలను తాకుతాయి. అప్పటినుంచి సెప్టెంబరు చివరి వరకు తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరడం, ఈగలు ముసరడం, వీధికి నలుగురైదుగురు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి పోవడం ఏటా చూస్తున్నదే. మిగతావారికి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయే ఈ విరేచనాలు పేగుపూత ఉన్నవారిని, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్ గానీ, పేగుల్లో ఎక్కడైనా వాపు వచ్చే క్రోన్స్ వ్యాధి గానీ ఉన్నవారిని, రెండు విధాలుగా దెబ్బతీస్తాయి. అణిగి ఉన్న వ్యాధిని అవి తిరగబెట్టించవచ్చు. లేదా నిజంగా వ్యాధే తిరగబెట్టినప్పుడు, నీళ్లు మారినందువల్ల వచ్చిన విరేచనాలే అనుకుని ఇంట్లోవాళ్లు విలువైన రోజులు పోగొట్టుకోవచ్చు. కాబట్టి ఏర్పాట్లన్నీ మే నెలలోనే పూర్తిచేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, విరేచనాలు మొదలైనప్పుడు కారణాన్ని సొంతంగా ఊహించకపోవడం. అమీబా వల్ల వచ్చినా, షిగెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చినా, వ్యాధి తిరగబెట్టడం వల్ల వచ్చినా రక్తం, జిగురు, మెలిపెట్టే నొప్పి ఒకేలా ఉంటాయి. ఎన్నో ఏళ్లుగా ఈ వ్యాధితో ఉన్నవారు కూడా లక్షణాలను బట్టి తేడా చెప్పలేరు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష పేగులో వాపు ఉందని చెబుతుంది గానీ, ఆ వాపు క్రిముల వల్లనా కాదా అన్నది చెప్పదు. అందుకు మలం కల్చర్, అమీబా పరీక్ష, ఇటీవల యాంటీబయాటిక్స్ వాడినవారికైతే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా పరీక్ష అవసరమవుతాయి. ఈ పరీక్షలు కాకముందే, పోయినసారి మిగిలిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు బయటికి తీసి మొదలుపెట్టడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అది క్రిముల వల్ల వచ్చిన విరేచనమైతే స్టెరాయిడ్ ఆ క్రిములకే బలం చేకూరుస్తుంది. విరేచనాలు కట్టడానికి మెడికల్ షాపులో ఇచ్చే లోపెరమైడ్ మాత్ర ఇంకా ప్రమాదకరం: పెద్దపేగు తీవ్రంగా వాచి ఉన్నప్పుడు అది పేగు కదలికను ఆపి, పేగు ఉబ్బిపోయే ప్రాణాపాయ స్థితికి దారితీయవచ్చు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలో ముందే ఒక కాగితంపై రాసి, బీరువా తలుపుకో ఫ్రిజ్‌కో అంటించి పెట్టాలి. 1955లో ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు ఇచ్చిన కొలమానాన్ని పెద్దపేగు వ్యాధికి వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. రోజుకు 6 లేదా అంతకు మించి రక్త విరేచనాలు అవుతూ, దానికి తోడు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరమో, నిమిషానికి 90 దాటిన నాడియో, 10.5 గ్రాముల కంటే తగ్గిన హిమోగ్లోబినో ఉంటే, అది ఆసుపత్రిలో చేర్చవలసిన తీవ్రస్థితి. క్రోన్స్ ఉన్నవారిలో విరేచనాలు ఆగిపోయి, కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, గ్యాస్ కూడా పోకపోతే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మందుల విషయంలో ఆషాఢ, శ్రావణ మాసాలకు తగిన మాట ఒకటి చెప్పాలి. తొలి ఏకాదశి, శ్రావణ శుక్రవారాల ఉపవాసాల్లో ఆహారంతో పాటు మాత్రలు కూడా మానేసేవారు ఎందరో ఉన్నారు. నలతగా లేనప్పుడు కూడా మెసలమైన్ ఎందుకు వేసుకోవాలన్నది న్యాయమైన ప్రశ్నే. వ్యాధిని అణిచి ఉంచుతున్నది ఆ మాత్రే అన్నది దానికి జవాబు. స్టెరాయిడ్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపడం ఏ కారణం వల్లనైనా తగదు, ఎందుకంటే కొన్ని వారాలు వాడిన తర్వాత శరీరం తనకు కావలసిన హార్మోన్‌ను తానుగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. అకస్మాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దేవుడి మీద భక్తికీ వేళకు మందు వేసుకోవడానికీ పోటీ లేదని ఇంటి పెద్దలే చెప్పగలిగితే, రోగికి సగం భారం తగ్గుతుంది.

వానాకాలపు జ్వరాలు మరో చిక్కు. ఈ వ్యాధికి రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ వాడేవారిలో తెల్ల రక్తకణాలు తగ్గే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. డెంగీ కూడా తెల్ల కణాలనూ ప్లేట్‌లెట్లనూ తగ్గిస్తుంది. అందువల్ల జ్వరం వచ్చిన మొదటి రోజే రక్తపరీక్ష చేయించి, అజాథయోప్రిన్ కొనసాగించాలో కొంతకాలం ఆపాలో గ్యాస్ట్రో డాక్టరును అడగాలి. ఒళ్లునొప్పులకు, కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకోకూడదు: అవి పేగుపూతను తిరగబెట్టించగలవు, డెంగీలో రక్తస్రావాన్ని పెంచగలవు. సరైన మోతాదులో పారాసిటమాల్ చాలు. జ్వరానికి చూసే ఊరి డాక్టరుకు మన వ్యాధి పేరు, వాడుతున్న మందుల పేర్లు ముందే చెప్పాలి. చెప్పకపోతే నొప్పి ఇంజెక్షన్ పడే అవకాశం ఎక్కువ.

ఈ వ్యాధికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ వంటి ఇంజెక్షన్లు మొదలుపెట్టబోయేవారు క్షయ పరీక్షలను ఎట్టిపరిస్థితుల్లోనూ దాటవేయకూడదు, ఎందుకంటే మన దేశంలో ఎందరి శరీరంలోనో నిద్రాణంగా ఉండే క్షయ క్రిములను ఈ మందులు మేల్కొలపగలవు. పైగా పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి ఒకదానినొకటి పోలి ఉండి అనుభవమున్న వైద్యులనే తికమక పెడతాయి. టీకాల్లో ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్-బి, ఇంజెక్షన్‌గా ఇచ్చే టైఫాయిడ్ టీకాలు వేయించుకోవచ్చు. హెపటైటిస్-ఎ టీకా మన దేశంలో సజీవ క్రిమితో చేసినదీ, నిర్జీవమైనదీ రెండూ దొరుకుతున్నాయి కనుక రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు నిర్జీవ టీకానే అడిగి వేయించుకోవాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ ఇంజెక్షన్లను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గాలివానకు కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచి, ఎక్కువసేపు రాకపోతే మందుకు మంచుముక్క నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి ఐస్‌పెట్టెలోకి మార్చాలి. వేసవి సెలవులకు అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు కూడా ఈ మందులను ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలోనే తెచ్చుకోవాలి.

నీటిని సలసల మరగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి వాడుకోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉండాలి. ప్యాకెట్‌పై రాసినంత నీళ్లే, సాధారణంగా లీటరు, కలపాలి. పానీపూరి, కోసిపెట్టిన పండ్లు, రోడ్డుపక్క మజ్జిగ ఈ నాలుగు నెలలూ మానడం మంచిది. వానలో వేడివేడి మొక్కజొన్న పొత్తు అందరికీ ఇష్టమే, కానీ క్రోన్స్ వల్ల పేగు సన్నబడినవారికి ఆ గింజలూ, మునక్కాడ పిప్పీ, పనస తొనల పీచూ అడ్డుపడి పేగు మూసుకుపోయే ప్రమాదముంది. అలా పేగు సన్నబడనివారు, వ్యాధి అణిగి ఉన్నవారు పప్పులూ కూరలూ మానేసి చారన్నంతో బతకవలసిన పనిలేదు. కారం వల్లనే ఈ వ్యాధి వచ్చిందని నిందించడం సరికాదు, పథ్యం పేరిట బరువు కోల్పోవడం మరీ చెడ్డది.

పొలం పనులకు వెళ్లేవారికి ప్రత్యేకంగా ఒక మాట. తడి మట్టిలో ఉండే స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు పిల్లలు చెప్పుల్లేని పాదాల చర్మం గుండా లోపలికి వెళ్తాయి. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో అవి ఒళ్లంతా విస్తరించి ప్రాణం తీయగలవు. నాట్లకు దిగేటప్పుడు రబ్బరు బూట్లు వేసుకోవాలి. దిగకుండా గడిచే వీలుంటే, స్టెరాయిడ్ వాడినంతకాలం దిగకపోవడమే మేలు.

గోదావరి లంకల్లో, నది పక్క ఊళ్లలో ఉండేవారు కనీసం నెలకు సరిపడా మందులు దగ్గర పెట్టుకోవాలి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికకే మందుల సంచి సర్దుకుని మరుగుదొడ్డి ఉన్న బంధువుల ఇంటికి చేరడం మంచిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది కనుక నగరాల్లో ఉన్నవారు కూడా ఇది తమకు సంబంధించినది కాదనుకోకూడదు.

ఇన్ని ఏర్పాట్లు ఒక్కరే చేసుకోలేరు. ఈ వ్యాధి ఎక్కువగా యౌవనంలోనే బయటపడుతుంది; చదువు, ఉద్యోగం, పెళ్లి ముందున్న ఆ వయసులో దాన్ని దాచిపెట్టమని పెద్దలు ప్రేమతోనే సలహా ఇస్తారు. ఆ సలహా వల్ల అత్తవారింట్లో మాత్రలు దాచుకుంటూ మోతాదులు తప్పించే అమ్మాయిలు, హాస్టల్ గదిలో రక్తం పోతున్నా మొలలని చెప్పి నెట్టుకొచ్చే అబ్బాయిలు తయారవుతున్నారు. ఇది అంటువ్యాధి కాదని, మందులతో ఎందరో ఉద్యోగాలు చేస్తున్నారని, పిల్లల్ని కంటున్నారని ఇంట్లో కనీసం ఇద్దరికి వివరంగా తెలియాలి. వారిలో ఒకరు అర్ధరాత్రి ఆసుపత్రికి వెంట రాగలిగినవారై ఉండాలి. రెండోవారికి మందుల పేర్లు, మోతాదులు, గ్యాస్ట్రో డాక్టరు నంబరు తెలిసి ఉండాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఈ వ్యాధి పేరు లేదు. కాబట్టి కాలేజీలోనైనా ఆఫీసులోనైనా పరీక్ష మధ్యలో బయటికి వెళ్లనివ్వమని, మరుగుదొడ్డికి దగ్గరగా కుర్చీ ఇవ్వమని డాక్టరు లేఖతో ముందే అడిగి ఉంచుకోవాలి. పరీక్ష రోజున ఇన్విజిలేటరును బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు. దూర ప్రయాణానికి బస్సు కంటే మరుగుదొడ్డి ఉండే రైలు మేలు.

ఇదే వ్యాధి ఉన్న మరొకరితో మాట్లాడటం వేరే ఎవరూ ఇవ్వలేని ధైర్యాన్నిస్తుంది. మే 19 ప్రపంచ ఐబీడీ (ఈ రెండు పేగు వ్యాధుల ఉమ్మడి పేరు) దినం సరిగ్గా వానలకు ముందే వస్తుంది. చూపించుకునే ఆసుపత్రిలో ఆ సందర్భంగా రోగుల సమావేశం ఉందేమో, రోగుల బృందం ఉందేమో గ్యాస్ట్రో విభాగంలో అడగాలి. అక్కడ ధైర్యం, అనుభవం తీసుకోవచ్చు. ఇంకొకరి మోతాదును మాత్రం తెచ్చుకోకూడదు. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు కలిగినా కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మందుల చీటీ ఫోటోతో పాటు ఆ నంబరును కూడా ఇప్పుడే ఫోన్‌లో దాచుకోవాలి.