నడుం నొప్పికి డిసెబిలిటీ పెన్షన్ కావాలంటే ఫౌజ్‌లో ఉండగానే చేయాల్సినవి

ఫౌజ్‌లో నడుం నొప్పంటే ఎవడూ పట్టించుకోడు, మనమూ పట్టించుకోం, ఒక గోళీ వేసుకుని మళ్లీ పీటీకి పోతాం, చివరికి ఇరవై ఏళ్లకి ఎమ్మారై తీస్తే డిస్క్ జారిందంటారు. అప్పుడు మెడికల్ బోర్డు అడిగేది నొప్పి ఎంతుందని కాదు, కాగితం ఏదీ అని.

అందుకే పడ్డా, బరువెత్తుతుంటే పట్టేసినా అదే రోజు ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్ డాక్టరు చూసే గదిలో, రాయించండి. డ్యూటీలో దెబ్బైతే యూనిట్ నుంచి ఇంజురీ రిపోర్ట్ కూడా వేయించాలి, దాని ఫారం ఐఏఎఫ్‌వై-2006. లో మెడికల్ కేటగిరీ (ఆరోగ్యం పూర్తిగా ఫిట్ కాదనే గ్రేడు) పడితే ప్రమోషన్ పోతుందని దాచేవాళ్లు బోలెడుమంది, వాళ్ల భయం నాకూ తెలుసు, కానీ దాచిన నొప్పికి పెన్షన్ అడగలేం కదా.

అసలు ఆట రిలీజ్ మెడికల్ బోర్డులో, అంటే ఫౌజ్ వదిలేటప్పుడు చేసే పరీక్షలో ఉంటుంది, ఫారం పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. చేరకముందే ఈ జబ్బు ఉందా అని అడుగుతారు, "ఎప్పట్నుంచో ఉందండీ" అని తేలిగ్గా అనేయకండి, మొదట ఎప్పుడు, ఏ పోస్టింగ్‌లో పట్టిందో చెప్పండి, ఫీల్డ్ పోస్టింగులు ఒక్కటీ వదలొద్దు. నడుం ఆపరేషన్ మీరు వద్దన్నారా, ఎందుకొద్దన్నారో కూడా రాయించండి. ఫారం కాపీ మాత్రం చేతికి తెచ్చుకోండి.

బోర్డు వేసే డిసెబిలిటీ శాతం కనీసం 20 ఉండాలి, జబ్బు సర్వీస్ వల్ల వచ్చిందనో, సర్వీస్ వల్ల ముదిరిందనో బోర్డు ఒప్పుకోవాలి. నడుం కేసుల్లో ఎక్కువగా కొట్టేసేది ఈ సర్వీస్ సంబంధం దగ్గరే. అయినా డీలా పడకండి, చేరేటప్పుడు రికార్డులో జబ్బు లేకపోతే అది సర్వీస్ వల్లే వచ్చిందని అనుకోవాలి, కాదని చూపించాల్సింది ఫౌజేనని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో రామ్ అవతార్ కేసులో జబ్బు వల్ల మధ్యలో పంపేసినవాళ్లకే కాదు, మామూలుగా రిటైరైనవాళ్లకీ రౌండింగ్ (శాతాన్ని పైకి సవరించడం) ఇవ్వాలంది, అంటే 20 శాతం 50 అవుతుంది. 100 శాతం డిసెబిలిటీకి ఆఖరి జీతంలో 30 శాతం లెక్క, కాబట్టి జీతం 40,000 అయితే నెలకి 2,400 బదులు 6,000, చిన్న తేడా కాదుగా. 2023 సెప్టెంబర్ 21 నుంచి రూల్స్ మారాయి, ఆ తర్వాత రిటైరైనవాళ్లు మాత్రం వాటినే చూసుకోవాలి.

రిజెక్ట్ లెటర్ వస్తే ఆర్నెల్లలోపు మొదటి అప్పీలు వేయండి, అదీ పోతే రెండోది. ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచ్. వెళ్లేటప్పుడు ఎంఐ రూమ్ కాగితాల దగ్గర్నుంచి రిజెక్ట్ లెటర్ దాకా తేదీల వరసలో పెట్టి ఇవ్వండి, లాయరుకి సగం పని తగ్గుతుంది.