లేజరుతో పచ్చబొట్టు తీయించుకోవాలంటే

పచ్చబొట్టు సిరా పైచర్మంలో కాక దాని కింది పొరలో నిలుస్తుంది కనుకనే ఎన్ని ఏళ్లు గడిచినా చెరగదు. సెకనులో వంద కోట్లవ వంతు లెక్కల్లో కొలిచేంత స్వల్పకాలం పాటు లేజరు కాంతి తగిలినప్పుడు ఆ సిరా రేణువులు పగిలి ముక్కలవుతాయి. ఆ ముక్కలను తర్వాతి వారాల్లో మన శరీరంలోని రక్షణ కణాలే మెల్లగా మోసుకుపోతాయి. అంటే చెరిపేది శరీరమే, లేజరు పని పగలగొట్టడం వరకే. అందుకే ఒక సిట్టింగుకు, మరో సిట్టింగుకు మధ్య కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల వ్యవధి ఉండాలి. త్వరగా ముగించాలని ఈ గడువు తగ్గించుకుంటే ఫలితం పెరగదు, చర్మం దెబ్బతినే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

మనలో చాలామందిది చామనఛాయ లేదా అంతకంటే ముదురు రంగు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా లేజరు కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, సరిపడని తరంగదైర్ఘ్యం (కాంతి రకాన్ని తెలిపే కొలత, నానోమీటర్లలో చెబుతారు) వాడితే సిరా పోయినా తెల్లమచ్చో నల్లమచ్చో మిగులుతుంది. నలుపు సిరాకు, మన చర్మానికి సాధారణంగా క్షేమమైనది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం లేజరు. ఎరుపుకు 532, ఆకుపచ్చకు 694 లేదా 755 నానోమీటర్ల కాంతి వాడతారు; వీటిని మెలనిన్ ఎక్కువగా పీలుస్తుంది కనుక రంగుల టాటూల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఏ యంత్రం, ఏ తరంగదైర్ఘ్యం వాడతారో మొహమాటపడకుండా అడగండి. తీవ్రమైన కాంతి మెరుపులతో అవాంఛిత రోమాలు తీసే ఐపీఎల్ యంత్రంతో టాటూ తీస్తామనే చోటికి వెళ్లవద్దు. ఆసిడ్లు, ఉప్పు రుద్దడం వంటివాటి జోలికి అసలే పోవద్దు.

మసి, దీపపు కాటుక వంటివాటితో పొడిచిన పాతకాలపు పచ్చబొట్లు, నిపుణులు దట్టంగా వేసిన రంగుల టాటూల కంటే తక్కువ సిట్టింగుల్లో పోవడం కద్దు. చేతివేళ్లు, పాదాల వంటి చివరి భాగాల్లో ఉన్నవి మాత్రం నెమ్మదిగా తగ్గుతాయి. సైన్యంలో చేరగోరే యువకులు పచ్చబొట్టు అడ్డవుతుందేమోనని ఎంపికకు కొద్ది వారాల ముందు పరుగెత్తుకు రావడం చూస్తే బాధ కలుగుతుంది. పూర్తిగా పోవడానికి చాలాసార్లు ఏడాదికి పైగా పడుతుంది.

మొదట చర్మవైద్య నిపుణుల చేత పరీక్ష చేయించుకుని, చిన్నచోట ప్రయత్నించి చూడమని కోరండి. గాయాలు ఉబ్బి కీలాయిడ్లు అయ్యే స్వభావం, గర్భం, వాడుతున్న మందులు తప్పక చెప్పాలి. కనుబొమలకు, పెదవులకు వేయించుకున్న సౌందర్య టాటూలలోని తెలుపు, చర్మపు రంగు సిరాలు లేజరు తగలగానే నల్లబడవచ్చు. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఆ రోజు మత్తు క్రీము రాసి, కళ్లకు రక్షణ పెడతారు. రబ్బరు బ్యాండు చుర్రుమని తగిలినట్టు ఉంటుంది. వెంటనే ఆ చోటు తెల్లగా మారుతుంది. అది అరగంటలోపే పోతుంది, భయపడనక్కరలేదు.

ఇంటికి వచ్చాక సున్నితంగా కడిగి, పెట్రోలియం జెల్లీ రాసి, శుభ్రమైన గుడ్డతో కప్పండి. బొబ్బలు చిదపకూడదు, పక్కు గిల్లకూడదు, పసుపు, నిమ్మరసం పూయకూడదు. మానేదాకా ఎండ తగలనీయక, మానాక సన్‌స్క్రీన్ రాయాలి. చీము, జ్వరం, పెరిగే నొప్పి కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుణ్ని కలవండి. ప్రతి సిట్టింగుకు ముందు ఒకే వెలుతురులో ఫొటో తీసి ఉంచుకుంటే, ఇంకా కొనసాగించాలా, మిగిలిన లేత నీడతో ఆపాలా అన్నది వైద్యునితో కలిసి నిర్ణయించుకోవచ్చు.