సిమ్యులేషన్ వీడియో రివ్యూ మా ల్యాబ్‌లో దారికొచ్చింది ఇలా (నా అనుభవం)

గుంటూరులో నర్సింగ్ పిల్లలకి స్కిల్ ల్యాబ్ చూస్తాను. సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం) సిమ్యులేషన్, అంటే బొమ్మ మీద ప్రాక్టీస్, అయ్యాక దాని వీడియో వేస్తే ఒకటే గోల, వాళ్ల జడలు, మొహాలు చూసుకుని నవ్వుకోవడం, తప్పు చేసినమ్మాయి తల దించేసుకోవడం, అసలు విషయం ఎవరికీ ఎక్కదు. పెద్ద టీవీ, కొత్త కెమెరా, వీడియో మొత్తం రెండుసార్లు చూపించడం, అన్నీ అయ్యాయి, లాభం లేదు.

ముందు గోడ మూలనున్న కెమెరా దింపి మంచం కాళ్ల వైపు స్టాండ్ మీద పెట్టాను, మానికిన్ (ప్రాక్టీస్ బొమ్మ) ఛాతీ, మానిటర్ రెండూ పడేలా. మొహాలు ఫ్రేమ్‌లోంచి పోయాయి, సగం నవ్వులు అక్కడే ఆగాయి. సీన్ నడుస్తుండగానే ఏ నిమిషానికి ఏం జరిగిందో కాగితం మీద గీకి పెట్టుకున్నా. అయ్యాక 40 సెకన్ల ముక్క ఒక్కటే తీశా, కానీ వెంటనే వేయలేదు. "మధ్యలో ఎంతసేపు ఛాతీ మీంచి చేతులు తీశారు?" అని అడిగి జవాబు బోర్డు మీద రాయించా.

"5 సెకన్లు మేడమ్."

సౌండ్ ఆపేసి వీడియో వేసి, పైకి లెక్కపెట్టమన్నా. 22 వచ్చింది! ఛాతీ నొక్కడం ఆపితే 10 సెకన్లు దాటకూడదని అందరికీ బట్టీ వచ్చు మరి. అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) మాస్క్ వెతుకుతూ పోయిన టైమ్ అది. 5 సెకన్లన్న అమ్మాయే లేచి, "బ్యాగ్ తల దగ్గరే పెట్టుకోవాల్సింది" అంది. అప్పటికప్పుడు మళ్లీ చేయించా, నా దృష్టిలో అసలు మందు ఇదే.

మాది ఆరుగురి బ్యాచ్, ముప్ఫై మందితో కుదురుతుందో లేదో చెప్పలేను. పేషెంట్‌తో మాట్లాడే సీన్లకైతే మొహాలు కనపడాలి కాబట్టి ఈ కెమెరా యాంగిల్ పనికిరాదు.