ఎర్లీ క్రాస్ నేర్పడం: కాలికంటే ముందు కంటికి సాధన

ఫుట్‌బాల్‌లో వింగర్ (మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడు) గోల్‌లైన్ దాకా పరుగెత్తి బంతిని లోపలికి కొట్టేలోగా ప్రత్యర్థి డిఫెండర్లు తమ గోల్ ముందు కుదురుకొని, బంతికి ఎదురుగా తిరిగి నిలబడిపోతారు. వాళ్లు ఇంకా వెనక్కి పరుగెడుతుండగానే, వింగర్ పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె) పక్కకు చేరకముందే, వాళ్ల వెనుకనున్న ఖాళీలోకి బంతిని పంపేదే ఎర్లీ క్రాస్. అటువంటి బంతిని అడ్డుకోబోయే డిఫెండర్ తన గోల్ వైపే తిరిగి ఉంటాడు కనుక కాలు కొంచెం తప్పినా సెల్ఫ్ గోల్ ప్రమాదం ఉంటుంది. గోల్‌కీపరేమో ముందుకు రావాలా, ఆగాలా అని తటపటాయిస్తాడు.

శిక్షకులు చాలామంది బంతిని కొట్టే తీరుతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అది రెండో మెట్టు. బంతి తన దగ్గరకు వచ్చేలోపే వింగర్ ఒకసారి తలెత్తి, డిఫెండర్ల వరుస ఎక్కడుందో, గోల్ కొట్టాల్సిన స్ట్రైకర్ ఎటు కదులుతున్నాడో చూసి ఉండాలి. ఆ చూపు లేకపోతే మొదటి స్పర్శ బంతిని కాళ్ల కిందే ఆపేస్తుంది, తలెత్తేసరికి ఖాళీ మూసుకుపోతుంది. మొదటి స్పర్శతోనే బంతిని ఒక అడుగు ముందుకు, కాస్త ఏటవాలుగా జరిపి, రెండో స్పర్శకే క్రాస్ కొట్టేలా అలవాటు చేయాలి. క్రాస్‌లకు పేరుపడ్డ ఇంగ్లండ్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ ఫుల్‌బ్యాక్‌ను (అంచున కాపుకాసే డిఫెండర్‌ను) వేగంతో దాటిపోవడంపై ఆధారపడిన ఆటగాడు కాదు; బంతిని పక్కకు జరుపుకొనే చోటు దొరికితే ఆయనకు చాలు.

ఇక కొట్టే తీరు. ఆనించిన పాదం బంతి పక్కన, కొద్దిగా వెనుకగా ఉండాలి. పాదం లోపలి వైపు, బొటనవేలి ఎముక దగ్గరి భాగంతో బంతి మధ్యభాగానికి కొంచెం కిందుగా, బయటి పక్కన తాకించాలి. కుడివైపు నుంచి కుడికాలితో ఇలా కొడితే బంతి గోల్‌కీపర్‌కు దూరంగా, పరుగెత్తి వచ్చే స్ట్రైకర్ వైపు వంపు తిరుగుతుంది. మరీ పైకి లేచిన బంతి డిఫెండర్లకు వెనక్కి చేరుకొనే సమయమిస్తుంది కాబట్టి వేగంగా, తక్కువ ఎత్తులో పంపమనాలి.

సాధనకు గోల్ ఏరియా గీతకూ పెనాల్టీ స్పాట్‌కూ మధ్య, అంటే గోల్‌లైన్‌కు 5.5 నుంచి 11 మీటర్ల దూరంలో, కోన్లతో ఒక పట్టీ గుర్తించండి. పెనాల్టీ ఏరియా ముందు గీతను టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దాకా పొడిగించి, వింగర్ ఆ గీత దాటకముందే క్రాస్ కొట్టాలని నియమం పెట్టండి. మిడ్‌ఫీల్డర్ పాస్ ఇస్తాడు, ఇద్దరు పరుగెడతారు: ఒకరు దగ్గరి పోస్టుకు, మరొకరు దూరపు పోస్టుకు. మొదట డిఫెండర్లు లేకుండా, తరువాత వెనక్కి పరుగెత్తే ఇద్దరిని చేర్చి ఆడించండి.

ఎక్కువగా చెడేది పరుగుల దగ్గరే. స్ట్రైకర్ తొందరపడితే బంతి కొట్టకముందే డిఫెండర్ల వరుస దాటి ఆఫ్‌సైడ్ అవుతాడు, లేదా బంతికంటే ముందే చేరి నిలబడిపోతాడు. వింగర్ మొదటి స్పర్శ బంతిని ముందుకు జరిపిన క్షణమే పరుగుకు సంకేతమని ఇద్దరికీ ఒకే మాట చెప్పండి. లోపల పరుగెత్తేవారు లేకపోయినా, డిఫెండర్లు అప్పటికే లోతుగా నిలబడినా, క్రాస్ మాని బంతిని వెనక్కి ఇచ్చిన వింగర్‌ను తప్పుపట్టకండి.