సుహాస్ సినిమాలు మిస్ అయిపోతున్నాయా? సమస్య ఎక్కడుందో, ఏం చేయాలో

2024లో సుహాస్ హీరోగా థియేటర్‌కి ఐదు సినిమాలు వచ్చాయి. ఫిబ్రవరి 2న అంబాజీపేట మ్యారేజి బ్యాండు, ఏప్రిల్ 11న శ్రీరంగనీతులు, మే 3న ప్రసన్నవదనం, సెప్టెంబర్ 21న గొర్రె పురాణం, అక్టోబర్ 12న జనక అయితే గనక. ఆయన పాత సినిమా కలర్ ఫొటో చూసి ఏడ్చిన వాళ్ళని అడగండి, ఇందులో రెండు మూడు వచ్చినట్టే తెలీదు అంటారు. తప్పు వాళ్ళది కాదు, చిన్న సినిమా న్యూస్ మన దాకా వచ్చే దారే వేరు, పెద్ద హీరో సినిమాలా అది మనల్ని వెతుక్కుంటూ రాదు, మనమే ఎక్కడ చూడాలో తెలుసుకుని చూడాలి. సుహాస్‌నే ఉదాహరణగా తీసుకుని, మామూలుగా ఎదురయ్యే సమస్యలన్నీ ఒక్కోటి చెప్తా, మీకు నచ్చిన ఏ చిన్న సినిమా యాక్టర్‌కైనా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

సమస్య: సినిమా వచ్చి వెళ్ళిపోయాక తెలుస్తోంది

దీనికి అసలు కారణం చాలామంది పట్టించుకోరు. పెద్ద హీరోకి సొంత టీమ్, ఫ్యాన్ పేజీలు, పర్మనెంట్‌గా తిరిగే పీఆర్ ఉంటారు. సుహాస్ లాంటి యాక్టర్‌కి సినిమా సినిమాకి బ్యానర్ మారిపోతుంది. కలర్ ఫొటో అమృత ప్రొడక్షన్స్, రైటర్ పద్మభూషణ్ ఛాయ్ బిస్కెట్ ఫిలిమ్స్, అంబాజీపేట జీఏ2 పిక్చర్స్, జనక అయితే గనక దిల్ రాజు ప్రొడక్షన్స్. అంటే మీరు పోయిన సినిమాకి ఏ పేజీ ఫాలో అయ్యారో అది ఈ సినిమా గురించి ఒక్క పోస్ట్ కూడా పెట్టదు, కొత్త పేజీ గురించేమో మీకు తెలీదు. పైగా ప్రమోషన్‌కి ఉన్న డబ్బులన్నీ రిలీజ్‌కి ముందు పది పదిహేను రోజుల్లోనే ఖర్చుపెడతారు, ఆ టైంలో మీరు వేరే పనిలో ఉంటే అంతే.

ఏం చేయాలంటే, యాక్టర్ అకౌంట్ ఒక్కటే ఫాలో అయి ఊరుకోవద్దు. సినిమా అనౌన్స్ అయినప్పుడు ఫస్ట్ లుక్ పోస్టర్ ఒకటి వస్తుంది కదా, దాన్ని పెద్దది చేసి కింద వరస చూడండి, బ్యానర్ పేరు, డైరెక్టర్ పేరు, మ్యూజిక్ కంపెనీ లోగో ఉంటాయి. ఆ మూడూ అప్పుడే ఫాలో కొట్టేయండి. ముఖ్యంగా మ్యూజిక్ కంపెనీ యూట్యూబ్ ఛానల్, ఎందుకంటే చిన్న సినిమాకి పాటలు, చాలాసార్లు టీజర్, ట్రైలర్ కూడా అక్కడే పడతాయి, బ్యానర్‌కి సొంత ఛానల్ ఉన్నా దానికి సబ్‌స్క్రైబర్లు ఉండరు. తర్వాత బుక్‌మైషోలో సినిమా పేజీ ఓపెన్ అవ్వగానే ఇంట్రెస్టెడ్ బటన్ నొక్కండి, బుకింగ్స్ ఓపెన్ అయితే ఫోన్‌కి నోటిఫికేషన్ వస్తుంది. ఈ బటన్ కౌంట్‌ని డిస్ట్రిబ్యూటర్లు కూడా చూస్తారు, కాబట్టి మీరు నొక్కేది మీ గుర్తు కోసం మాత్రమే కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్తా. వీలైతే శుక్ర శని ఆదివారాల్లోనే వెళ్ళండి. మల్టీప్లెక్స్ వాళ్ళు సోమవారం నుంచి ఏ సినిమాకి ఎన్ని షోలు అనేది ఆ మూడు రోజుల్లో నిండిన సీట్లు చూసే డిసైడ్ చేస్తారు. టాక్ బాగుంటే వచ్చే వారం వెళ్దాంలే అనుకునే సరికి మధ్యాహ్నం ఒక షో, రాత్రి పదిన్నరకి ఒక షో మిగులుతాయి, చిన్న టౌన్‌లో అయితే అవి కూడా ఉండవు. మంచి సినిమా అని అందరూ అన్నాక కూడా హాల్లో లేకుండా పోతే బాధగా ఉంటుంది, అది మన చేతిలో కొంచెమైనా ఉంది. పెయిడ్ ప్రీమియర్లు వేస్తే ఇంకా మంచిది, సినిమా మీద నమ్మకం ఉన్న టీమ్ ఒకటి రెండు రోజుల ముందే వేస్తుంది, ఆ షోల లిస్ట్ కూడా బ్యానర్ పేజీలోనే వస్తుంది.

సమస్య: డేట్ గుర్తుపెట్టుకున్నా, ఆ రోజు సినిమా రాలేదు

జనక అయితే గనక ముందు 2024 సెప్టెంబర్ 7న, వినాయక చవితికి అన్నారు. ఆ నెల మొదట్లోనే విజయవాడలో బుడమేరు పొంగి ఊరు సగం నీళ్ళలో ఉంది, ఆ టైంలో సినిమా రిలీజ్ చేయలేక వాయిదా వేసి అక్టోబర్ 12కి తెచ్చారు. ఇది అందరికీ అర్థమయ్యే కారణం. మామూలుగా అయితే కారణాలు బయటికి చెప్పరు, పెద్ద సినిమా ఆ డేట్ మీదకొచ్చి థియేటర్లు పోవడం, సెన్సార్ లేట్ అవడం, ఫైనాన్స్ క్లియరెన్స్ దగ్గర ఆగిపోవడం, ఇవే ఉంటాయి.

కొన్నిసార్లు రిలీజ్ రోజు పొద్దున టికెట్ పెట్టుకుని హాల్ దాకా వెళ్తే మార్నింగ్ షో క్యాన్సిల్ అంటారు. కేడీఎం రాలేదు అనే మాట అక్కడే వినిపిస్తుంది. సినిమా ఫైల్ హాల్‌కి ముందే చేరుతుంది గానీ అది లాక్ అయి ఉంటుంది, ఆ లాక్ తీసే డిజిటల్ తాళమే కేడీఎం, ఏ స్క్రీన్‌లో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా వేయొచ్చు అనేది కూడా అందులోనే ఉంటుంది. డబ్బుల లెక్కలు తేలక ఆ కీ లేట్ అయితే ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న ఆయన కూడా ఏం చేయలేడు. మధ్యాహ్నానికి వచ్చేస్తే మ్యాట్నీ నుంచి పడిపోతుంది. అలాంటప్పుడు సినిమానే ఆగిపోయిందని పోస్టులు పెట్టేయకండి, యాప్‌లో మ్యాట్నీ, ఫస్ట్ షో ఉన్నాయో లేదో చూడండి, రీఫండ్ మామూలుగా బుక్ చేసిన అకౌంట్‌కే వస్తుంది.

మిగతా టైంలో ఒకటే గుర్తు. పోస్టర్ మీద సమ్మర్ రిలీజ్, త్వరలో అని ఉంటే అది ఆశ, డేట్ ఉంటే అది ప్లాన్, బుకింగ్స్ ఓపెన్ అయితేనే అది రిలీజ్. వేరే ఊరి నుంచి బయల్దేరి చూడాలనుకుంటే మూడోది వచ్చే దాకా బస్ టికెట్ కొనకండి.

సమస్య: ఓటీటీ డేట్ రోజుకొకటి కనిపిస్తోంది

రైటర్ పద్మభూషణ్ 2023 ఫిబ్రవరి 3న హాల్లోకి వచ్చి మార్చి 17న జీ5లోకి వచ్చింది, ఆరు వారాలు. అంబాజీపేట సరిగ్గా నాలుగు వారాలకి, మార్చి 1న ఆహాలో. ప్రసన్నవదనం మూడు వారాలకే, మే 24న, అదీ ఆహాలోనే. ఒకే యాక్టర్, ఒకటిన్నర ఏడాది లోపల మూడు రకాల గ్యాప్. ఇంత తేడా ఉన్నప్పుడు రూల్ ఏం లేదని అర్థం, అందుకే ఓటీటీ డేట్ ఫిక్స్ అని హెడ్డింగ్ పెట్టి లోపల సమాచారం ప్రకారం, తెలుస్తోంది అని రాసే ఆర్టికల్స్ పుట్టుకొస్తాయి. మీరు క్లిక్ చేస్తే చాలు వాళ్ళకి, డేట్ తప్పయినా పోయేదేం లేదు.

కాబట్టి నిజం చెప్పాల్సిన బాధ్యత ఉన్నవాళ్ళనే నమ్మండి, అంటే ఆ ఓటీటీ సొంత పేజీ. అది ఏ ఓటీటీయో ముందే పట్టుకోవచ్చు, హాల్లో సినిమా మొదలయ్యే ముందు థ్యాంక్స్ కార్డులు, పార్ట్‌నర్ల లోగోలు వస్తాయి కదా, అందులో డిజిటల్ పార్ట్‌నర్ అని ఉందేమో చూడండి. అక్కడ ఏ పేరూ లేకపోతే రిలీజ్ నాటికి డీల్ అవ్వలేదని అనుకోవచ్చు, ఈమధ్య చిన్న సినిమాలకి ఓటీటీ వాళ్ళు ముందే కొనడం బాగా తగ్గింది, అలాంటి వాటికి నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇంకోటి, ఆహాలో కొన్ని సినిమాలు గోల్డ్ ప్లాన్ వాళ్ళకి ఒక రోజు ముందు పడతాయి, ఫ్రెండ్ చూస్తున్నాడు నాకు రావట్లేదు అంటే అదే కారణం కావచ్చు.

సమస్య: థియేటర్ లిస్ట్‌లో వెతికితే అసలు లేదు

డైరెక్ట్ ఓటీటీ సినిమా అయి ఉంటుంది. కలర్ ఫొటో 2020 అక్టోబర్ 23న ఆహాలోనే వచ్చింది, హాళ్ళు మూసేసిన టైం అది. మరుసటేడు ఫ్యామిలీ డ్రామా అనే సినిమా సోనీలివ్‌లో. 2025 జూలై 4న కీర్తి సురేష్‌తో చేసిన ఉప్పు కప్పురంబు ప్రైమ్‌లో వచ్చింది, సరిగ్గా వారానికే జూలై 11న ఓ భామ అయ్యో రామ హాళ్ళలోకి వచ్చింది, ఒకటి అనుకుని ఇంకోటి వెతికిన వాళ్ళు చాలామందే ఉంటారు. టైటిల్ ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి యాక్టర్ పేరు, డైరెక్టర్ పేరు కలిపి వెతకండి, త్వరగా దొరుకుతుంది.

సమస్య: షూటింగ్ అయిపోయిందన్నారు, ఏడాదైనా చప్పుడు లేదు

హాల్లోకి రావాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఓటీటీకి అది అక్కర్లేదు. సెన్సార్ బోర్డు సైట్‌లో సినిమా పేరుతో వెతికే వీలుంది, సర్టిఫికెట్ వచ్చేసి ఉంటే నిడివితో సహా కనిపిస్తుంది. అది కనిపించినా రిలీజ్ లేదంటే సినిమా రెడీగానే ఉంది, కొనేవాళ్ళు గానీ థియేటర్లు గానీ దొరకలేదేమో అనుకోవచ్చు. కనిపించకపోతే పోస్ట్ ప్రొడక్షన్‌లోనే ఉండొచ్చు, లేదా ఓటీటీకి వెళ్తుండొచ్చు. అప్పుడు హీరోని ప్రతి పోస్ట్ కింద ఎప్పుడు ఎప్పుడు అని అడగొద్దు, డేట్ ఆయన చేతిలో ఉండదు, అడిగితే ప్రొడక్షన్ పేజీని అడగండి.

సమస్య: అమెరికాలో ఉన్నా, ఇక్కడ కనిపించట్లేదు

శుక్రవారం సినిమాకి అక్కడ గురువారం సాయంత్రమే ప్రీమియర్లు పడతాయి, శుక్రవారం చూద్దాం అనుకుంటే మీ దగ్గర వేసిన ఒక్క షో అయిపోయి ఉండొచ్చు. ఓవర్సీస్ డిస్ట్రిబ్యూటర్ వేరే ఉంటాడు, థియేటర్ల లిస్ట్ పోస్టర్ ఆయన పేజీలోనే వస్తుంది, ఇండియాలోని బ్యానర్ పేజీలో వెతికితే దొరకదు. ఓటీటీలో అయితే ఇండియా హక్కులు ఒకరికి, బయటి దేశాల హక్కులు ఇంకొకరికి అమ్ముతుంటారు, సింప్లీ సౌత్ లాంటి ఓటీటీలు ఇండియా బయట మాత్రమే పనిచేస్తాయి. కాబట్టి ప్రైమ్‌లో లేదు అనగానే టెలిగ్రామ్ లింకులకి పోకుండా ముందు మీ దేశంలో హక్కులు ఎవరికున్నాయో చూడండి, ఎక్కడా లేకపోతే ఆ ఓటీటీకి, బ్యానర్‌కి ఇద్దరికీ ఫలానా ఊళ్ళో ఫలానా సినిమా కావాలి అని పేరు పెట్టి అడగండి.