సిగార్ల నిల్వ, 4వ పాఠం: పక్కపక్కన పెడితే రుచి మారుతుందా?

గత పాఠంలో ఉప్పు పరీక్షతో, తేమని కొలిచే హైగ్రోమీటర్‌ని సరిచూసుకున్నాం. మూత బిగించిన డబ్బాలో తడి ఉప్పు పక్కన ఉంచితే అది 75 శాతం చూపించాలి. ఎంత ఎక్కువ తక్కువలు చూపిస్తే అంత తేడాని పెట్టె మూత లోపల రాసి అంటించుకోమన్నాను. ఆ పని ఇంకా చేయనివాళ్లు ముందు అది చేసి రండి. ఈ రోజు చెప్పేదానికి సరైన తేమ కొలత కావాలి.

హ్యూమిడార్ (సిగార్లని తగిన తేమలో దాచే చెక్కపెట్టె) కొన్న కొత్తలో అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది. పెట్టె ఒక్కటే. అందులో క్యూబా సిగార్లు, నికరాగువావి, లేత రంగు కనెక్టికట్ ఆకు చుట్టినవి, నల్లటి ఆకు చుట్టిన మడూరోలు అన్నీ కలిపి పెడితే ఒకదాని రుచి ఇంకొకదానికి పట్టదా?

వాసన కలిపిన సిగార్ల విషయంలో పడుతుంది, అందులో సందేహం లేదు. వెనీలా, రమ్, కాఫీ, చెర్రీ లాంటివి కలిపినవాటిని మామూలు సిగార్లతో ఒక్క రాత్రి కూడా ఉంచకండి. పొగాకు ఆకు గాలిలోని తేమని పీల్చుకున్నట్టే వాసననీ పీల్చుకుంటుంది. తయారీదారులు ఈ గుణాన్నే వాడుకుంటారు. డ్రూ ఎస్టేట్ కంపెనీ నికరాగువాలో చేసే 'యాసిడ్' అనే బ్రాండ్ సిగార్లకు ఆ ఘాటు పట్టించేది సుగంధ మూలికల మధ్య ఉంచే. పక్కన ఉండటం వల్లే వాసన పట్టే సరుకు మీ పెట్టెలో తన పక్కవాటిని వదిలిపెడుతుందా? పైగా ఆ వాసన పెట్టె చెక్కలోకీ దిగుతుంది. సిగార్‌ని తీసేసినా చెక్కని వదలదు. ఇంగువ డబ్బాని ఎంత కడిగినా ఇంగువ డబ్బాగానే ఉంటుంది కదా, ఇదీ అంతే. అందుకే వాటికి వేరే గాజు సీసాయో, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాయో కేటాయించండి.

మామూలు సిగార్ల సంగతి వేరు. కొన్ని వారాలు, నెలలు కలిసి ఉన్నంత మాత్రాన మడూరో రుచి కనెక్టికట్‌లోకి వచ్చేయదు. ఏళ్ల తరబడి సెల్లోఫేన్ (సిగార్ మీది పల్చటి పారదర్శక తొడుగు) లేకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వాసనలు కలుస్తాయా అన్నదాని మీద అనుభవజ్ఞుల్లోనే రెండు మాటలున్నాయి. నా అభిప్రాయం అడిగితే, చాలామంది 'కలిసిపోయింది' అనుకునే రుచి పక్క సిగార్‌ది కాదు, చెక్కది. హ్యూమిడార్ లోపల వేసే స్పానిష్ సెడార్‌కి పేరులో సెడార్ ఉన్నా, అది దేవదారు జాతి కాదు, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. దాని తియ్యటి కారపు వాసన పెట్టెలో ఉన్న అన్నిటికీ సమానంగా పడుతుంది. దాంతో అన్నీ ఒకేలా ఉన్నట్టు అనిపిస్తుంది.

కలిపి ఉంచడంలో అసలు టెన్షన్ పెట్టేది తేమ. బాగా తడిగా వచ్చిన సిగార్‌ని ఎండిన వాటి పక్కన పెడితే, అన్నీ ఒక స్థాయికి వచ్చేదాకా తేమ అటూ ఇటూ కదులుతుంది. ఎండిన పై ఆకు ఒక్కసారిగా ఉబ్బితే పగులుతుంది. కొత్తగా వచ్చినవాటిని కొన్నాళ్లు వేరే డబ్బాలో 65 శాతం తేమ దగ్గర ఉంచి, తర్వాతే పెద్ద పెట్టెలోకి చేర్చండి. వాటి చివర వాసన చూసినప్పుడు అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలితే, ఆకు ఇంకా పూర్తిగా మాగలేదని అర్థం. అది పోయేదాకా వేరుగానే ఉంచాలి.

గోదావరి లంక పొగాకు చుట్టలు ఇంట్లో ఉన్నవాళ్లు వాటినీ ఇందులో సర్దకండి. ఆ ఆకు ఘాటు చాలా ఎక్కువ. పక్కన లేత సిగార్ ఉంటే ఎందుకొచ్చిన గొడవ. వాటికి వేరే డబ్బా పెట్టండి.

సెల్లోఫేన్ తీయాలా వద్దా అని కూడా అడుగుతుంటారు. రకాలు కలిసి ఉన్న పెట్టెలో ఉంచడమే మేలు. అది తేమని నెమ్మదిగా లోపలికి రానిస్తుంది, ఆకు ఒరుసుకోకుండా కాపాడుతుంది. వాసన మాత్రం పూర్తిగా ఆగదు, కాబట్టి వెనీలా సిగార్‌ని సెల్లోఫేన్‌లో ఉంది కదా అని లోపల పెట్టేయకండి.

ఈ వారం అభ్యాసం. ఒకే రకం చవక సిగార్లు రెండు తీసుకోండి. ఒకదాన్ని వాసన కలిపిన సిగార్‌తో కలిపి చిన్న డబ్బాలో పెట్టండి. రెండోదాన్ని అలాంటి డబ్బాలోనే ఒంటరిగా ఉంచండి. రెండింటిలోనూ తేమని ఒకే శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ ఒక్కొక్కటి వేయండి. నెల తర్వాత వెలిగించకుండా చివర వాసన చూసి, నోట్లో పెట్టుకుని ఉత్తగాలి లాగండి. మీ ముక్కూ నాలుకా ఏం చెప్పాయో రెండు వాక్యాలు రాసుకోండి. ఆ నోటు 6వ పాఠంలో వాడతాం.

5వ పాఠం వేసవి వేడిలో పొగాకు పురుగు గురించి. దానికి పెట్టె లోపల పట్టే చిన్న థర్మామీటర్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.